ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన నాన్నలని చారన్నంతో మంచానికి కట్టేయకండి

పెద్దాయన ప్రోస్టేట్ కేన్సర్ ఆపరేషన్ అయి ఇంటికొస్తే చాలు, మన ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుందంటారు, గుడ్డు వేడంటారు. పూటపూటా చారన్నం, బీరకాయ కూర. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "కదలకండి, రెస్ట్ తీసుకోండి" అని చెప్పి వెళ్తారు. కేథటర్ తీసేశాక కూడా ఆ రెస్ట్ నెలల తరబడి సాగుతుంది. టెన్షనంతా ఒక్క పీఎస్ఏ మీదే, అంటే ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చే ప్రోటీన్‌ని రక్తంలో కొలిచే పరీక్ష మీదే.

పీఎస్ఏ చూడాల్సిందే. ప్రోస్టేట్ మొత్తం తీసేశాక అది దాదాపు కనబడనంతగా పడిపోవాలి. మిల్లీలీటరుకి 0.2 నానోగ్రాములకి చేరి, మళ్లీ చేయించినా అలాగే వస్తే జబ్బు తిరగబెట్టిందని లెక్క. కానీ ఆ అంకె మన చేతిలో లేదు. కొంతైనా మన చేతిలో ఉన్నది ఒంట్లో కండ. దాన్నే ఎవరూ పట్టించుకోరు. నా బాధంతా అదే.

మా నాన్న ఆపరేషన్ తర్వాత కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ఒకసారి ముందుకి ఊగి లేచేవారు. లుంగీ కింద పిక్కలు సన్నబడిపోయాయి. పొట్ట మాత్రం అలాగే ఉంది, బరువూ తగ్గలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కండ కరిగి కొవ్వు చేరితే తూకంలో ఏం తెలుస్తుంది? డిశ్చార్జి కాగితం నిండా మాత్రలు రాశారు. తిండి గురించి "మామూలు ఆహారం" అని ఒక్క ముక్క. వ్యాయామం ఊసే లేదు.

కండ తక్కువుంటే కేన్సర్ తిరగబెడుతుందా? సిటీ స్కాన్‌లో నడుం దగ్గర కండ కొలిచి, ఆపరేషన్ అయినవాళ్లని ఏళ్లపాటు గమనించి చూశారు. కొన్ని అధ్యయనాల్లో సంబంధం కనబడింది, కొన్నిట్లో లేదు. కాబట్టి కండ పెంచితే కేన్సర్ మళ్లీ రాదని ఎవరైనా ఫార్వర్డ్ పంపితే నమ్మకండి. ఆ పేరు చెప్పి డబ్బాలు అమ్మేవాళ్లని అసలు నమ్మకండి.

అయినా కండ కావాలి. ఎందుకంటే తిరగబెడితే రేడియేషన్, దాంతోపాటు చాలామందికి హార్మోన్ ఇంజెక్షన్లు. అవి టెస్టోస్టెరాన్‌ని అణిచేస్తాయి. కండ కరుగుతుంది, కొవ్వు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అప్పటికే సగమైపోయిన మనిషి వాటిని ఎలా తట్టుకుంటాడు? ఆస్ట్రేలియాలో గాల్వావ్ అనే పరిశోధకుడి బృందం ఈ హార్మోన్ చికిత్సలో ఉన్న 57 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుతో 12 వారాలు బరువులెత్తించి, ఏరోబిక్ వ్యాయామం చేయించింది. చికిత్స నడుస్తుండగానే వాళ్లకి కండా బలమూ పెరిగాయి. ఈ ఫలితాలు 2010లోనే వచ్చాయి. మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఈ మాట రోగి చెవిన పడకపోతే ఎలా?

కేన్సర్ రోగులకి కిలో బరువుకి రోజుకి 1 గ్రాముకి మించి, వీలైతే 1.5 గ్రాముల దాకా ప్రోటీన్ అందాలని యూరప్ పోషకాహార నిపుణుల సంఘం ఎస్పెన్ చెబుతోంది. 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. చారులో ఏముంది? కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ని అడిగే పెట్టండి. మొదటి కొన్ని వారాలు బరువులెత్తకూడదన్నది నిజమే. అంతమాత్రాన నడకా మానేయమని కాదు. సర్జన్లే మర్నాటి నుంచి నడిపిస్తారు.

పుండు మానాక ఆయన్ని చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి, పక్కన మీరు ఉండండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కండ తరుగుదల మీద ఆసియా నిపుణులు పెట్టిన ప్రమాణాల ప్రకారం ఒంట్లో సత్తువ తగ్గినట్టే. ఈసారి పీఎస్ఏ రిపోర్టు పట్టుకెళ్లినప్పుడు ఈ సంగతీ డాక్టర్‌కి చెప్పి, ఫిజియోథెరపీకి రాయమని గట్టిగా అడగండి.