సిలబస్ కంటే ఈ గొడవే నయం
ప్రజా సమస్యల మీద క్లాసులో చర్చ పెట్టాలన్న మాట బాగుంది, కానీ సార్ ఏ పక్షమో పిల్లలకు ముందే తెలిసిపోతే అది చర్చ కాదు, మళ్లీ పాఠమే. నేను హైదరాబాద్‌లో మల్కాజిగిరి వైపు తొమ్మిదో తరగతికి సోషల్ చెప్తాను. తెలంగాణలో 2023 డిసెంబరులో మొదలైన మహిళల ఉచిత బస్సు గురించి అడిగితే, ఒకమ్మాయి మా అమ్మకు పనికెళ్లే చార్జీలు మిగులుతున్నాయంది, వెనక బెంచీలోంచి ఒకడు మా నాన్న ఆటోకి గిరాకీ పడిపోయిందన్నాడు, ఇద్దరి మాటా నిజమే, కాసేపు క్లాసులో చప్పుడు లేదు. ఆ తర్వాతే అసలు ప్రశ్న వచ్చింది: మరి ఆ టికెట్ల డబ్బు ఆర్టీసీకి ఎవరిస్తారు సార్? 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటేయని ఊరు మనది, ఓటు హక్కు 18 ఏళ్లకని బట్టీ పట్టించి ఏం లాభం? పాఠం ఎక్కడిదక్కడే ఉందని హెడ్ మాస్టారు కేకలేశారు, అది వేరే సంగతి.