మాయ పడేదాకా ఆగవద్దు

ముర్రా గేదెల పెంపకంపై నేను చదివిన ఒక వ్యాసం దాణా ఖర్చును వివరంగా లెక్కగట్టి, దూడల మరణాలను ఒక్క వాక్యంతో దాటేయడం వెలితిగా తోచింది. గజపతినగరం దగ్గరి మా ఊళ్లో ఇప్పటికీ చాలామంది, ఈనిన గేదెకు మాయ (కడుపులో దూడను చుట్టి ఉండే పొర) పడేదాకా దూడకు ముర్రుపాలు (ఈనగానే వచ్చే తొలి పాలు) పట్టరు. నిరుడు మేమూ అలాగే, ఒంటి తడి ఆరకముందే లేచి పొదుగు వెతుక్కుంటున్న పెయ్యను తాడు కట్టి ఆపాము. మధ్యాహ్నం దాటాక పాలు పట్టినా, పారుడు పట్టి వారం తిరక్కుండానే పోయింది. తల్లి రోగనిరోధక శక్తి గర్భంలో దూడకు అందదు, ముర్రుపాలతోనే రావాలి. దాన్ని పీల్చుకునే గుణం దూడ పేగుకు గంటగంటకూ తగ్గుతూ 24 గంటలకు దాదాపు పోతుంది. అందుకే పుట్టిన 2 గంటల్లోపే తాగించాలి. పైగా దూడ పొదుగు చీకితే మాయ పడటానికీ తోడ్పడుతుంది. దూడ బొడ్డుకు క్రిములను చంపే టింక్చర్ అయోడిన్ అద్దడమూ మరవకూడదు.