గోడమీది టైమ్‌టేబుల్ గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ టైమ్‌టేబుల్ గారికి,

విజయనగరం నుంచి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. తమరు కూడా దేవుడి పటం పక్కన, డ్రాయింగ్ షీటు మీద, క్షేమంగానే ఉన్నారు. పదో తరగతి గుంటడు మాత్రం తమరి వైపు చూడ్డం మానేశాడు.

తప్పు వాడిదేనని ఇంట్లో తేల్చేశారు. తమరిని చదివాక మాకు అలా అనిపించలేదు. 'వేకువ 4 గంటలకు లేచుట'తో మొదలై రాత్రి 10 దాకా ఒక్క గడి ఖాళీ లేదు. బస్సు కోసం నిలబడ్డం, కుళాయి వచ్చినప్పుడు నీళ్లు పట్టడం, కరెంటు పోవడం ఎక్కడా లేవు. స్నానానికి ఐదు నిమిషాలు ఇచ్చారు, సంతోషం. సిరిమానోత్సవం మంగళవారం నాడు కూడా సాయంత్రం భౌతికశాస్త్రమే! ఊరు ఊరంతా కోట దగ్గర ఉంటే ఓమ్ నియమం దగ్గర ఎవడు కూర్చుంటాడండీ?

సోమవారం 4కి మెలకువ రాదు, 6కి లేస్తాడు. పోయిన రెండు గంటల్ని సర్దడానికి తమరి దగ్గర చోటు లేదు. అవి మంగళవారం మీద పడతాయి, మంగళవారానివి బుధవారం మీద. గురువారానికల్లా 'వచ్చే సోమవారం నుంచి కొత్తగా మొదలెడతాను' అంటాడు. తమరి వంశంలో అందరూ ఇలాగే పోయారు.

పైన ఎర్రక్షరాల్లో '21 రోజుల్లో అలవాటు' అని వేయించుకున్నారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలాయి, కొందరికి 254 పట్టేలా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదట. తమరి దగ్గర ఆ దయ లేదు.

ఇక లక్ష్యం: 'ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు'. మంచిదే, ఆ సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుంది. కానీ ఈ సాయంత్రం ఏ పుస్తకం తియ్యాలో అందులో ఎక్కడుంది? పక్క జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో ఎత్తింది స్నాచ్‌లో (ఒక్క ఊపులో తలపైకి) 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకి, తర్వాత తలపైకి) 130. లక్ష్యమన్నా అలా అంకెల్లో ఉండాలి, 'బాగా' అని రాసిన బిళ్ల ఏ బార్‌కీ తగిలించరు.

దిద్దిన లెక్కల పేపరు తియ్యండి. పోయిన ప్రతి మార్కు పక్కన ఒక గుర్తు పెట్టాలి: తెలియక పోయిందా, తెలిసీ తప్పిందా, టైము చాలక వదిలేశాడా? తెలియనిది అడిగి నేర్చుకోవాలి. తెలిసీ తప్పినది పుస్తకం మూసి మళ్లీ చెయ్యాలి. టైము చాలనిది గడియారం ఎదురుగా పెట్టుకుని చెయ్యాలి. మూడు జబ్బులకీ తమరు రాసిన మందు ఒకటే, 'లెక్కలు చదువుట'. వచ్చే పరీక్షకి 58 నుంచి 68 అనుకుంటే ఆ పది ఎక్కడివో కూడా రాయాలి: గ్రాఫు లెక్కవి 8, గుర్తులు మార్చడం మరిచిపోయి పోగొట్టుకున్నవి 2.

కాబట్టి తమరిని దింపి, తిరగేసి, తెల్లవైపు వాడుకుంటున్నాం. రోజుకి మూడే గళ్లు, ఒక్కోటి 25 నిమిషాలు. ఇన్ని గంటలకని వెయ్యం, రోజూ ఎలాగూ జరిగే పనికి తగిలిస్తాం: 'టీ గ్లాసు కడిగి పెట్టగానే, వీధి గదిలో, రెండు లెక్కలు'. ఇవాళ నేర్చింది మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు చూడకుండా రాయాలి. చూసి చదువుకుంటే వచ్చేసినట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో గానీ తెలీదు. ఆదివారం పొద్దున్న గడి ఖాళీ, వారంలో మిగిలిపోయినవన్నీ అందులోకి. ఆ గళ్లసేపూ ఫోను వంటింట్లో ఉంటుంది. అంతా పెన్సిలుతోనే, రెండో వారానికే మార్చాల్సొస్తుంది గనక.

గళ్లు నింపాల్సింది గుంటడే. తమరి మీదున్న దస్తూరీ మాత్రం వాళ్ల నాన్నగారిది, గమనించాం.

ఇట్లు,
తమ విధేయులు,
పదో తరగతి చదువులు చూసేవాళ్లం