పిన్‌కోడ్ పంచాయితీ

మా యాప్‌లో చీర కొన్న తెనాలి పిన్ని రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. "ఏరా, మీ యాప్‌కి మతిమరుపా? ఇందాకే కదా పిన్‌కోడ్ 522201 అని కొట్టాను. డబ్బులు కట్టే దగ్గర మళ్లీ అడుగుతుందేం?"

పిన్నికేం చెప్పను? అడ్రస్ టీమ్ లీడ్ తన గృహప్రవేశానికి పేమెంట్ టీమ్ లీడ్‌ని పిలవలేదని చెప్పనా? వాట్సాప్‌లో కార్డు పంపాను కదా అంటాడు ఈయన. మనిషొచ్చి పిలవొద్దా అంటాడు ఆయన. పక్కపక్క సీట్లే, ఆరు నెలలుగా మాటల్లేవు. "పిన్‌కోడ్ మా దగ్గరుంది, కావాలంటే అడగమను" అని ఈయన నాతో అంటాడు. "వీళ్లనడిగే ఖర్మేంటి, కస్టమర్నే అడుగుతాం" అని ఆయనా నాతోనే. ఆ ఆరంకెల్ని ఈయన నంబరుగా దాస్తాడు, ఆయన అక్షరాలుగా. రెంటినీ కలపడానికి నేనో చిన్న ప్రోగ్రామ్ రాశాను. పద్ధతిగా దాన్ని అడాప్టర్ అనాలి. నేను మాత్రం పెళ్లిళ్ల పేరయ్య అని పిలుచుకుంటాను.

మెల్విన్ కాన్వే అనే అమెరికా ఆయన 1968లోనే ఒక వ్యాసంలో చెప్పాడు, ఒక సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు కట్టే సిస్టమ్ కూడా అలాగే తయారవుతుందని. అంతకుముందు ఆ వ్యాసాన్ని హార్వర్డ్ బిజినెస్ రివ్యూ వాళ్లు రుజువు లేదని తిప్పి పంపారు. అప్పటికి మా ఆఫీసు లేదు మరి.

మొన్న శనివారం ఒక కొలీగ్ పెళ్లిలో ఇద్దరికీ ఒకే బంతిలో పక్కపక్కనే విస్తళ్లు పడ్డాయి. గోంగూర దాకా మౌనమే. పప్పు రాగానే, "నెయ్యి వేయించుకోండి సార్, బాగుంది" అన్నాడు ఈయన. ఎదుటి బంతిలోంచి కళ్లారా చూశాను. పేరయ్యకిక రిటైర్మెంటే అనుకున్నాను.

ఆ రాత్రే ఆయన తన స్క్రీన్‌లో పిన్‌కోడ్ గడి తీసేశాడు, అడ్రస్ వాళ్ల సంగతి మనకెందుకని. ఈయనా తీసేశాడు, పాపం ఆయన అడుగుతున్నాడుగా అని. ఒకరికొకరు చెప్పుకోలేదు. కొత్తగా కలిసిన వాళ్లకి ఆ మాత్రం మొహమాటం ఉంటుంది. ఇలాంటివి పట్టుకోవాల్సిన టెస్టింగ్ అమ్మాయేమో ఆ పెళ్లిలో పెళ్లికూతురు.

సోమవారం పిన్ని ఫోన్. "బాగు చేశావురా, ఈసారి పిన్‌కోడ్ అసలు అడగనే లేదు! బ్లౌజు పీసు ఎప్పుడొస్తుంది?"

గోడౌన్‌లో పార్సిళ్లు గుట్టపడ్డాయి. పొద్దుటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిన్‌కోడ్ అడుగుతున్నాను. పిన్నిదొక్కటే నాకు నోటికొచ్చు.