మూడు రోజుల మౌనం ఎవరి కోసం?

"సినిమా విడుదలైన మూడు రోజుల దాకా చూసినవాళ్ళెవరూ నోరు విప్పకూడదు, ఒక్క షాటు తీయడం రానివాళ్ళ మాటలకు కోట్ల పెట్టుబడి బూడిదవుతోంది, నచ్చలేదని రాసేవాళ్ళంతా డబ్బు తీసుకున్నవాళ్ళే, కోర్టులే దీన్ని ఆపాలి" అంటూ ఒక సందేశం వాట్సాప్‌లో చేతులు మారుతోంది. మా అనంతపురం మిత్రుల గ్రూపులోనే అది నాకు నాలుగు సార్లు వచ్చింది. పంపినవాళ్ళది సినిమా మీద అభిమానమేనని ఒప్పుకుంటాను గానీ, అందులోని వాదనలను మాత్రం ఒప్పుకోలేను.

మొదటిది మూడు రోజుల మాట. ఆ మూడు రోజులూ టికెట్టు ధర అన్నిటికన్నా ఎక్కువగా ఉండే రోజులన్న సంగతి ఆ సందేశంలో ఎక్కడా లేదు. 2025 సెప్టెంబరులో 'ఓజీ' చిత్రానికి బెనిఫిట్ షో టికెట్టును 1,000 రూపాయలకు అమ్ముకోవడానికీ, ఆ తరువాత పది రోజుల పాటు సింగిల్ స్క్రీన్లలో 125, మల్టీప్లెక్సుల్లో 150 రూపాయలు అదనంగా తీసుకోవడానికీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఎక్కువ ధర పెట్టి కొనే రోజుల్లోనే సరుకు ఎలా ఉందని అడగకూడదంటే అది ఏ అంగడి న్యాయమో నాకు తెలియదు. మా జిల్లాలో వేరుశనగ కొనే వ్యాపారి కూడా ముందు నాలుగు కాయలు ఒలిచి, పప్పు నమిలి చూశాకే ధర చెబుతాడు.

ఈ మధ్య ఒక ఆదివారం మార్నింగ్ షో వదిలిన సమయానికి నేను థియేటరు ఎదుటి టీ బంకు దగ్గర ఉన్నాను. కళ్యాణదుర్గం బస్సు దిగి, భార్యనూ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకొని మ్యాట్నీకి వచ్చిన ఒకాయన, బయటికి వస్తున్న కుర్రవాణ్ణి ఆపి "ఎట్లుందప్పా?" అని అడిగాడు. "ఫస్టాఫ్ బాగుందన్నా, ఇంటర్వెల్ అయినాంక సాగదీసినారు. నరుకుడు ఎక్కువ, చిన్నపాప బెదురుకుంటుందేమో చూసుకో" అని చెప్పి అతను వెళ్ళిపోయాడు. ఆలుమగలిద్దరూ కాసేపు పక్కకు వెళ్ళి మాట్లాడుకున్నారు. చివరికి పాపను ఎత్తుకొని ఆమె ఊళ్ళోనే ఉన్న చుట్టాలింటికి బయలుదేరింది, ఆయనా పెద్ద పిల్లవాడూ రెండు టికెట్లు తీసుకొని లోపలికి వెళ్ళారు. ఆ కుర్రవాడి మాట సినిమాను చంపలేదు. ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో ఆ కుటుంబం తేల్చుకోవడానికి పనికివచ్చింది, అంతే.

సినిమా తీయడం తెలిసినవాళ్ళే మాట్లాడాలన్నది రెండో వాదన. మన తాడిపత్రికి చెందిన కె.వి. రెడ్డి 1957లో తీసిన 'మాయాబజార్'లో పడవ పాట వెన్నెలను తరతరాలుగా జనం మెచ్చుకుంటున్నారు. ఆ వెన్నెలను తెరమీదికి తెచ్చింది మార్కస్ బార్ట్లే కెమెరా అని వాళ్ళలో చాలామందికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. పనితనమన్నది దాని మర్మం తెలియనివాడికీ అందడానికే ఉన్నప్పుడు, అందలేదని చెప్పే హక్కు కూడా అతనిదే అవుతుంది. ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి వంట వచ్చి ఉండాలని మన ఇళ్ళలో ఎవరూ అనరు కదా (అన్నా, తినేవాళ్ళు ఊరుకోరు).

నోటిమాట సినిమాలను చంపుతోందన్నది మూడోది. బాగున్న సినిమాలు కొన్ని ఆడకుండా పోయిన మాట నిజమే. అయితే 1980లో పేరున్న హీరో లేకుండా వచ్చి, మొదట్లో ఖాళీగా ఉన్న హాళ్ళను తరువాత నింపుకున్న 'శంకరాభరణం'ను నిలబెట్టింది ఆ నోటిమాటే. 2023లో తెలంగాణ పల్లెల్లో ఊరంతా ఆరుబయట కూర్చొని చూసిన 'బలగం' కూడా అలాగే పాకింది. చిన్న సినిమాల నిర్మాతలు విడుదలకు ఒకటి రెండు రోజుల ముందే టికెట్లు పెట్టి ప్రీమియర్లు వేస్తున్నది ఆ టాక్ బయటికి రావాలనే. మూడు రోజులు అందరూ మౌనం పాటిస్తే ఆ మూడు రోజులూ కటౌట్లూ టీజర్లే మాట్లాడతాయి, వాటికి డబ్బు లేనివాళ్ళే ముందుగా నష్టపోతారు.

డబ్బు తీసుకొని రాసేవాళ్ళు ఉన్నారు. తిట్టడానికీ ఉన్నారు, పొగడడానికీ ఉన్నారు. ఇంటర్వెల్ కాకముందే "బ్లాక్‌బస్టర్" అని కేకవేసే వాళ్ళ గురించి మాత్రం ఆ సందేశం ఒక్క ముక్క అనలేదు. చూడకుండా రాయడం, క్లైమాక్సు మలుపు బయటపెట్టడం, తెరను ఫోనులో తీసి పంచడం తప్పని నేనూ అంటాను.

ఇక కోర్టుల సంగతి. మూడు రోజుల పాటు సమీక్షలను ఆపాలని తమిళ నిర్మాతల సంఘమొకటి 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టుకు వెళ్ళగా, న్యాయస్థానం అందుకు అంగీకరించలేదు. అంతకు చాలా ముందే, 1989లో, ఒక తమిళ చిత్రానికి అదే హైకోర్టు రద్దు చేసిన సెన్సారు సర్టిఫికెట్టును సుప్రీంకోర్టు, వాక్ స్వాతంత్ర్యాన్నీ భావప్రకటన స్వేచ్ఛనూ ఇచ్చే రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఆధారంగా నిర్మాతకు తిరిగి ఇప్పించింది. టీ బంకు దగ్గర ఆ కుర్రవాడు చెప్పిన రెండు ముక్కలకూ అండగా ఉన్నది ఆ అధికరణమే.