ప్రింటర్ మనది, పెత్తనం కంపెనీది

హనుమకొండ చౌరస్తాలో ఇంటికి ప్రింటర్ కావాలని అడిగితే, షాపువాళ్లు ముందుగా చూపించేది తక్కువ ధర ఇంక్‌జెట్‌నే. నలుపు, కలర్ కార్ట్రిడ్జ్‌లు రెండు మూడు జతలు మార్చేసరికి ప్రింటర్ ధరంత ఖర్చు మళ్లీ అవుతుంది. ఇది అందరూ అనుభవిస్తున్నదే. నా అభ్యంతరం ధర మీద కాదు, కంపెనీ వేసిన తాళం మీద.

ఆ తాళం కార్ట్రిడ్జ్‌కు అంటించిన గోరంత చిప్. జిరాక్స్ షాపు కుర్రాడు స్టిక్కర్ ఊడదీసి, సిరంజితో చుక్క చుక్కగా ఇంకు ఎక్కించి, ఇంకు బయటికొచ్చే నాజిల్‌ను టిష్యూ మీద అద్ది బిగిస్తాడు. చిప్‌లో పాత లెక్కే ఉండటంతో, ఇంకు నిండుగా ఉన్నా ప్రింటర్ ఖాళీ అనే చెబుతుంది. కొన్ని మోడళ్లయితే ఒరిజినల్ కాదంటూ మొత్తానికే ఆగిపోతాయి. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ప్రింటర్లు చాలా అలాగే, అంతకుముందు వరకు పనిచేసిన వేరే కంపెనీల కార్ట్రిడ్జ్‌లను ఉన్నట్టుండి తిరస్కరించాయి. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్న యంత్రం ఎవరి మాట వింటున్నట్టు?

బయటి ఇంకు నాసిరకంగా ఉంటుందని, హెడ్ పాడవుతుందని కంపెనీలు అంటాయి. కొంత నిజమే, చవక ఇంకుతో నాజిళ్లు మూసుకుపోవడం ఉంది. అలా పాడైతే ఆ రిపేరుకు వారంటీ ఇవ్వకండి, అంతేగానీ ప్రింటర్‌నే ఆపేసే అధికారం ఎక్కడిది? వేరే కార్ట్రిడ్జ్‌లు పనిచేయవన్న సంగతి కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పలేదని ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020లో హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా వేసింది. అమ్మిన కార్ట్రిడ్జ్ మీద పేటెంట్ హక్కు అమ్మకంతోనే తీరిపోతుందని అమెరికా సుప్రీంకోర్టు 2017లో ప్రింటర్ల కంపెనీ లెక్స్‌మార్క్ కేసులో తేల్చింది.

ఈ మాట వరంగల్‌కు కొత్త కాదు. పత్తి రైతులకు ఇది ఎప్పుడో అనుభవమైంది. బీటీ హైబ్రిడ్ విత్తనం ఒక పంటకే. మరుసటి ఏడాది మళ్లీ ప్యాకెట్ కొనాల్సిందే. 450 గ్రాముల ప్యాకెట్ మీద బీటీ టెక్నాలజీ యజమాని మోన్‌శాంటో సాంకేతిక రుసుమే 1,250 రూపాయలున్న రోజుల్లో, 2006లో, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లి కొట్లాడింది, ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. పండించిన విత్తనాన్ని దాచుకుని మళ్లీ విత్తుకునే హక్కును 2001 నాటి చట్టం రైతుకు ఇచ్చింది కూడా. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతు విషయంలో ఒప్పుకున్న సూత్రం, ప్రాజెక్టు రిపోర్టు ప్రింట్ తీసుకునే కాకతీయ యూనివర్సిటీ విద్యార్థికి ఎందుకు వర్తించదు? కొన్నాక దాని మీద హక్కు కొన్నవాడిదే. విత్తనమైనా, ఫోనైనా, ట్రాక్టరైనా, రేపు ఎలక్ట్రిక్ బండైనా నేను వాదించేది ఇదే.

ఇలాంటి తాళాలను ఆపే చట్టం వచ్చేదాకా కొనేవాళ్లే జాగ్రత్తపడాలి. నెలకు పది పేజీలు కూడా తీయని ఇంటికి ప్రింటరే వద్దు, వీధి చివరి జిరాక్స్ షాపు చాలు. మన మే నెల ఎండలకు వాడని ఇంక్‌జెట్ నాజిళ్లు ఎండిపోతాయి. హెడ్ క్లీనింగ్ నొక్కిన ప్రతిసారీ డబ్బు పెట్టి కొన్న ఇంకు కాగితం మీదికి రాకుండా లోపలి స్పాంజీలోకి పోతుంది. అప్లికేషన్లు, నోట్సు లాంటి నలుపు అక్షరాలే ఎక్కువైతే మోనో లేజర్ తీసుకోండి; టోనర్ పొడి కాబట్టి ఎండిపోయే సమస్య లేదు. కలర్ రోజూ అవసరమైతే సీసాతో ఇంకు పోసుకునే ఇంక్ ట్యాంక్ ప్రింటర్. ముందు ఖర్చు ఎక్కువే, కానీ ఒక్క నల్ల ఇంకు సీసాతో వేల పేజీలు వస్తాయి. ఏది కొన్నా రీఫిల్ ఇంకు, టోనర్ మన ఊళ్లో దొరుకుతాయో లేదో ముందే అడగండి.

కేంద్రం 2022లో రిపేర్ హక్కు కోసం పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ యంత్రాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాల మీద దృష్టి పెట్టింది. సర్వీసు సెంటర్ల సమాచారం ఇస్తే సరిపోదు, తాళాన్ని నిషేధించాలి. రాష్ట్రం ఢిల్లీ కోసం చూడక్కర్లేదు. కలెక్టరేట్ల నుంచి పంచాయతీ ఆఫీసుల దాకా, సర్కారు బడుల దాకా ప్రింటర్లు కొనేది ప్రభుత్వమే. ఏ కంపెనీ ఇంకు పోసినా పనిచేయాలి, అప్‌డేట్ పేరుతో తర్వాత ఆపకూడదు అని టెండర్లో ఒక్క షరతు రాయాలి. హనుమకొండ, వరంగల్ కలెక్టర్లు తమ తర్వాతి కొనుగోలుతోనే ఇది మొదలుపెట్టవచ్చు.