చేపల పులుసు మీద పడకండి: ‘బొల్లి పథ్యం’ మెసేజ్‌కు జవాబు

చెన్నైలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పెరంబూరులో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, నెల్లూరు చుట్టాల గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులోనూ వచ్చింది. అందులో ఉన్నది ఇది: చేపలు తిని పాలు తాగడం వల్ల బొల్లి వస్తుంది. పులుపు, వంకాయ, తెల్లగా ఉండే తిండి అంతా మానేయాలి. పరగడుపున ఉసిరి రసం, రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీళ్లు తాగాలి. బావంచాలు నూరి మచ్చల మీద పట్టించి ఎండలో కూర్చోవాలి. విటమిన్ డి సాచెట్ వారానికి ఒకటి కాదు, రోజుకొకటి వేసుకోవాలి. ఇంగ్లిష్ వైద్యంలో దీనికి మందు లేదు, స్టెరాయిడ్లు ఇచ్చి ఒళ్లు గుల్ల చేస్తారు. ఇదంతా పాటిస్తే 90 రోజుల్లో మచ్చ మాయం.

నాకు బొల్లి ఉంది కాబట్టి ఈ మెసేజ్ నాకు విడిగా కూడా వస్తుంది, “నీకు పనికొస్తుందని పంపానమ్మా” అన్న మాటతో. పంపేవాళ్ల ప్రేమను తప్పుపట్టను. కానీ అందులో కొన్ని మాటలు ఉత్తవి, కొన్ని సగం నిజాలు, రెండు మాత్రం ఒంటికి చేటు చేసేవి. అన్నిటినీ ఒకే గాటన కట్టలేం కనుక విడివిడిగా చూద్దాం.

ముందు అసలు జబ్బేమిటో చెప్పుకోవాలి. చర్మానికి రంగునిచ్చే కణాలను మెలనోసైట్లు అంటారు. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి వాటి మీద దాడి చేసి చంపేస్తుంది. అదే బొల్లి. ప్రపంచంలో నూటికి అర నుంచి ఇద్దరి వరకు ఉంటుందని అంచనా. అంటుకోదు, కుష్ఠుకీ దీనికీ సంబంధం లేదు. కుష్ఠు మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది, బొల్లి మచ్చ మీద దోమ వాలినా తెలుస్తుంది. కుటుంబంలో ఉంటే వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది కానీ అదే రాత కాదు. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి కూడా వచ్చింది సుమారు 23 శాతం జంటల్లోనే.

ఇక “చేపలు, పాలు” సంగతి. ఇది ఎవరో నిన్న పుట్టించిన మాట కాదు. చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో చేపల్ని పాలతో కలిపి తినకూడదని ఉంది. విరుద్ధాహారం వల్ల వచ్చే జబ్బుల పట్టికలో కిలాసం, అంటే తెల్లమచ్చల జబ్బు పేరు కూడా ఉంది. కాబట్టి మా అమ్మమ్మల భయానికి ఆధారం లేదనను. కానీ పాత పుస్తకంలో ఉండటం వేరు, మనుషుల్లో అలా జరుగుతోందా అన్నది వేరు. పెరుగులో వండిన చేపల కూర బెంగాలీ ఇళ్లలో పండగ వంట. యూరప్‌లో చేపల్ని పాలలోనే ఉడికించి సూప్ చేస్తారు. మన నెల్లూరు వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, చేపల పులుసన్నం తిన్న కంచంలోనే పెరుగన్నం కలుపుతారు. ఆ లెక్కన మా చుట్టాల్లో సగం మందికి మచ్చలు ఉండాలి. అటు చూస్తే మన దేశంలో బొల్లి ఎక్కువగా కనిపించే ప్రాంతాలుగా వైద్య పుస్తకాలు చెప్పేది గుజరాత్, రాజస్థాన్‌లను. షావుకారుపేటలో చేప వాసన కూడా గిట్టని మార్వాడీ ఇళ్లలోనూ ఈ జబ్బు ఉంది. వాళ్లు ఏ చేప తిన్నారని? కడుపులోకి వెళ్లాక చేప ప్రొటీనూ పాల ప్రొటీనూ ముక్కలై అమైనో ఆమ్లాలుగా మారతాయి. మెలనోసైట్ల మీదకు రోగనిరోధక కణాలను ఉసిగొల్పే పదార్థమేదీ ఆ రెండూ కలవడం వల్ల పుట్టినట్టు ఎవరూ చూపలేదు.

“పులుపు మానేయండి” అనడానికి మూలం విటమిన్ సి. దాన్ని గాజు పాత్రలో రంగు కణాల మీద పోస్తే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీ తగ్గుతుంది, ఆ మాట నిజమే. నిమ్మకాయ పిండుకున్నంత మాత్రాన చర్మంలో ఆ మోతాదు చేరదు. తమాషా ఏమిటంటే చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిది, అందులో విటమిన్ సి పెద్దగా ఉండదు. విటమిన్ సి దండిగా ఉండేది ఉసిరిలో. ఈ మెసేజ్ నిమ్మకాయ వద్దంటుంది, ఉసిరి రసం తాగమంటుంది! రాసినవాళ్లు తాము రాసింది ఒకసారి చదువుకుని ఉంటే బాగుండేది. వంకాయ, తెల్ల తిండి సంగతి చర్చకు కూడా ఆనదు. అన్నం తెల్లగా ఉందని చర్మం తెల్లబడదు.

రాగి చెంబు మాటలో కాస్త సైన్సు ఉంది. మెలనిన్ తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైముకు రాగి అవసరం. అందుకని రాగి ఎక్కువ తాగితే రంగు వస్తుందని లెక్క వేశారు. కానీ బొల్లి మచ్చలో కొరత రాగిది కాదు, కణాలది. కూలీలు లేని పొలంలో కొడవళ్లు కుప్ప పోస్తే కోత సాగుతుందా? మామూలు తిండిలో పప్పులు, నువ్వులు, వేరుశెనగలతోనే కావాల్సిన రాగి అందుతుంది. రాగి చెంబులో నీళ్లు తాగడం అలవాటైతే తాగండి, అందులో తప్పు లేదు. అదే చెంబులో నిమ్మరసమో మజ్జిగో పోసి ఉంచితే మాత్రం రాగి కరిగి వాంతులు పట్టుకుంటాయి. తాగే నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాములకు మించి రాగి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మెసేజ్ మొత్తంలో నిజానికి దగ్గరగా ఉన్నది బావంచాల మాట. అందుకే అన్నిటికన్నా ప్రమాదమూ దానిదే. చెన్నైలో ఏ నాట్టు మరుందు (నాటు మందుల) కొట్టుకైనా వెళ్లి కార్బోగరిసి అని బావంచాల తమిళ పేరుతో అడగండి, నల్లగా, మూత్రపిండం ఆకారంలో ఉన్న చిన్న గింజలు పొట్లం కట్టి ఇస్తారు. వాటిలో చర్మాన్ని ఎండకు ఎక్కువగా స్పందించేలా చేసే సోరాలెన్ అనే పదార్థం ఉంది. ఈజిప్టులో నైలు నది ఒడ్డున పెరిగే మరో మొక్కలోనూ ఇలాంటి పదార్థమే ఉంటుంది. 1940లలో అబ్దుల్ మోనెమ్ ఎల్ మోఫ్తీ అనే ఈజిప్టు వైద్యుడు దాన్నుంచి వేరుచేసిన మందు ఇచ్చి, ఎండ చూపించి బొల్లికి చికిత్స చేశాడు. తర్వాత అది ఆసుపత్రుల్లో పువా అనే చికిత్స అయింది. అంటే మన పాత వైద్యులు మందు రాసి ఎండలో కూర్చోబెట్టింది ఊరికే కాదు.

మరి తేడా ఎక్కడ? మోతాదులో. సోరాలెన్ పూసిన చర్మం మీద అతినీలలోహిత కిరణాలు పడితే కాలిపోతుంది. ఎంత పూయాలి, ఎన్ని నిమిషాలు కిరణాలు తగలాలి అన్నది ఆసుపత్రిలో కొలుస్తారు. ఇంట్లో నూరిన ముద్దలో ఎంత సోరాలెన్ ఉందో ఎవరికి తెలుసు? పైగా చెన్నై మే నెల ఎండ. మా వీధిలో ప్లస్ టూ చదివే అమ్మాయి పిక్క మీద మచ్చకు వాళ్లమ్మ ఈ ముద్ద పట్టించి మిద్దె మీద కూర్చోబెట్టింది. ఆ సాయంత్రం కాస్త ఎర్రబడింది, అంతే. ఇలాంటి కాలిన గాయం ముదిరేది రెండో రోజో మూడో రోజో. మూడో రోజు పొద్దున్నే ఆవిడ నాకు ఫోన్ చేసి, “అక్కా, మందు పనిచేస్తోందనుకుంటా, నీరు పట్టింది, గుచ్చి తీసేయనా?” అని అడిగింది. గుచ్చొద్దని చెప్పి డాక్టరు దగ్గరకు పంపాను. పిక్క మీద మచ్చ పొడవునా బొబ్బ, చుట్టూ కమిలిన చర్మం. గాయం మానాక చూస్తే అంచంతా నల్లబడింది, లోపలి తెలుపు ఇంకో వేలెడు పెరిగింది. బొల్లి ఉన్న ఒంటికి దెబ్బ తగిలినా కాలినా అక్కడే కొత్త మచ్చ రావచ్చు. డాక్టర్లు దీన్ని కోబ్నర్ అంటారు. గింజల్ని మింగడం ఇంకా ముప్పు, వాటివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

కోబ్నర్ మాట వచ్చింది కాబట్టి, మానాల్సినవాటి జాబితా నిజంగా కావాలనుకునేవాళ్లకు ఒకటి చెప్తాను. ఈ మెసేజ్‌లో దాని ఊసే లేదు. చౌకరకం స్టిక్కర్ బొట్ల వెనక జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉండొచ్చు, అది రంగు కణాలను చంపుతుంది. రోజూ ఒకే చోట పెట్టుకుంటే ముందు దురద, తర్వాత బొట్టు తీసినా బొట్టంత గుండ్రంగా తెల్లమచ్చ. రంగనాథన్ స్ట్రీట్‌లో అట్టల కొద్దీ కొనుక్కొచ్చే మనం ఆలోచించాల్సింది చేప గురించా, దీని గురించా? కొన్ని రబ్బరు చెప్పులు కూడా ఇంతే, పాదం మీద పట్టీ ఆకారంలోనే మచ్చ వస్తుంది. జుట్టుకు వేసే నల్ల రంగుతోనూ కొందరికి వస్తుంది. లంగా బొందు బిగించి కట్టే చోట నడుం చుట్టూ తెల్లటి గీత రావడం చర్మ డాక్టర్లకు బాగా తెలిసిన సంగతి. బొందు బదులు వెడల్పు పట్టీ, స్టిక్కర్ బదులు కుంకుమ వాడొచ్చు. కుంకుమ కూడా దురద పెడితే మానేయడమే.

విటమిన్ డి విషయంలో మెసేజ్ రాసినవాళ్లు ఎక్కడో చదివి సగమే చెప్పారు. బ్రెజిల్‌లో 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 16 మంది బొల్లి రోగులకు రోజుకు 35,000 యూనిట్లు ఆరు నెలలపాటు ఇచ్చారు. 14 మందిలో కొంత రంగు తిరిగి వచ్చింది. వినడానికి బాగుంది. కానీ పోల్చి చూడటానికి మందు తీసుకోని గుంపు లేదు. వాళ్ల చేత పాల పదార్థాలు మాన్పించారు, రోజూ లీటర్ల కొద్దీ నీళ్లు తాగించారు, ఎందుకంటే అంత మోతాదులో రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. మన మందుల షాపుల్లో దొరికే సాచెట్ 60,000 యూనిట్లు. డాక్టర్లు వారానికి ఒకటి, అదీ కొన్ని వారాలే రాస్తారు. అలాంటిది రోజూ వేసుకోమనడం విషం తాగమనడమే. బొల్లి ఉన్నవాళ్లలో విటమిన్ డి తక్కువగా ఉండటం మామూలే, పరీక్ష చేయించి తక్కువైతే సరిచేసుకోవాలి. బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోవాలి. వాటితో రంగు వస్తుందని కాదు, ఇదే తరహా రోగనిరోధక పొరపాటు థైరాయిడ్ మీద, బీ12 ఒంటికి పట్టించే కడుపు పొర మీద కూడా జరగొచ్చు కాబట్టి.

ప్రత్యామ్నాయాలన్నీ దండగ అని నేననడం లేదు. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వైద్యులు 2003లో గింకో అనే చెట్టు ఆకు సారాన్ని 40 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు ఇచ్చి చూస్తే, మెల్లగా పాకే మచ్చలు ఆగడంలో తేడా కనిపించింది. చిన్న అధ్యయనం, 50 మంది చిల్లర. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు దాని జోలికి పోకూడదు. లైట్ థెరపీకి తోడుగా యాంటీ ఆక్సిడెంట్లు ఇస్తే కొంత మేలు కనిపించిన పరిశోధనలూ ఉన్నాయి. ఆ ‘తోడుగా’ అన్న మాటను ఫార్వర్డ్ మెసేజ్‌లు మింగేస్తాయి.

“ఇంగ్లిష్ వైద్యంలో మందు లేదు” అనడం పచ్చి అబద్ధం. శాశ్వతంగా పోతుందని ఏ డాక్టరూ హామీ ఇవ్వడు, అది నిజం. కానీ 311 నానోమీటర్ల నారోబ్యాండ్ యూవీబీ అనే ఒక రకం అతినీలలోహిత కాంతితో రంగు తెప్పించవచ్చని ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 1997లో చూపించారు. నేను చేయించుకున్నదీ అదే. నిలువెత్తు క్యాబిన్, చుట్టూ ట్యూబులైట్లు, కళ్లకు నల్ల గాగుల్స్, మొదటి రోజు నిలబడేది సెకన్ల లెక్కే. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ మోతాదు కొద్దిగా పెంచుతూ నెలల తరబడి వెళ్లాలి. నా మోచేతి మీద మచ్చ అంచు నుంచి పూడుతుందేమో అనుకున్నాను. అలా కాదు, నడిమధ్యలో ఒక వెంట్రుక మొదట్లో ఆవగింజంత గోధుమరంగు చుక్క వచ్చింది. తర్వాత పక్కన ఇంకోటి. రంగు కణాల మూలకణాలు వెంట్రుక కుదుళ్లలో దాక్కుని ఉంటాయి, అక్కడినుంచే బయటికొస్తాయి. ముఖం త్వరగా మారి, వేళ్ల కొసలు, పెదవులు మొండికేసేది అందుకే. వెంట్రుకలు కూడా తెల్లబడ్డ మచ్చ కష్టమే.

స్టెరాయిడ్ భయం పూర్తిగా అర్థం లేనిది కాదు. డాక్టరును అడగకుండా షాపులో కొన్న స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది. ముఖానికి దాని బదులు టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఉంది. మచ్చలు వేగంగా పాకుతుంటే వారంలో వరుసగా రెండు రోజులు మాత్రమే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చే పద్ధతిని తెచ్చింది మన ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులే. 2022 జులైలో అమెరికా బొల్లికి రుక్సోలిటినిబ్ అనే క్రీము వాడటానికి అనుమతి ఇచ్చింది. పరీక్షల్లో 24 వారాలకు సుమారు 30 శాతం మందికి ముఖం మీద ముప్పాతిక వంతు రంగు వచ్చింది. మచ్చ ఏడాదిపాటు కదలకుండా ఉంటే చర్మం అంటు కట్టే ఆపరేషన్లూ ఉన్నాయి. ఏ చికిత్సైనా మచ్చ కొత్తగా ఉన్నప్పుడు, మచ్చలో వెంట్రుకలు ఇంకా నల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితే ఫలితం మెరుగు. పథ్యం పేరుతో పోయే 90 రోజులు సరిగ్గా అవే. అందుకే నాకు ఒళ్లు మండేది.

మరి “మా మేనల్లుడికి తగ్గింది” అనేవాళ్లంతా అబద్ధాలు చెబుతున్నారా? లేదు. పిల్లల బుగ్గల మీద వచ్చే పాలిపోయిన మచ్చలు వాటంతటవే పోతాయి. శోభి మచ్చలు మామూలు క్రీముతో పోతాయి. ఈ రెండిటినీ బొల్లి అనుకునే ఇళ్లు ఎన్నో. నిజమైన బొల్లిలో కూడా కొందరికి కొన్ని మచ్చలు ఎండాకాలంలో వాటంతటవే పూడతాయి. ఆ సమయానికి ఎవరు ఏ చెంబు నీళ్లు తాగుతుంటే పేరు దానికి వస్తుంది. కాబట్టి ‘ముందు, తర్వాత’ ఫొటోలు ఎవరు చూపించినా, మచ్చ ఏమిటని ఎవరు నిర్ధారించారో, అతినీలలోహిత దీపం కింద చూశారో లేదో అడగండి. చెన్నై సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జీహెచ్‌లో, అంటే ప్రభుత్వ ఆసుపత్రిలో, చర్మవ్యాధుల ఓపీ ఉంది, ఆ నిర్ధారణ కోసం ఎవరికో డబ్బు కట్టక్కర్లేదు. బొల్లి నయం చేస్తామని మందులకు ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. మీకు వచ్చిన మెసేజ్ అడుగున ఆర్డరు నంబరు కూడా ఉంటే అది సలహా కాదు, ఆ చట్టం వద్దన్న ప్రకటనే.